కళ్లంలో డబ్బా

టంగ్! టంగ్! టంగ్!

మేడ మీద హయాత్‌కు ఒళ్లు మండిపోయింది.

"ఓ అమ్మా! ఆపమ్మా ఆ డబ్బా! చెవులు చిల్లులు పడుతున్నాయి!"

ఇంటి వెనక మిరప కళ్లంలో ఆదెమ్మ పాత నూనె డబ్బాను కర్రతో వాయిస్తూనే ఉంది. కనిగిరి వైపు నుంచి కాయకోతలకు వచ్చిన కూలి మనిషి. మూడు నెలలుగా పొద్దున లేస్తే ఇదే గోల.

మామూలు రోజైతే హయాత్ సర్దుకుపోయేవాడే. ఇవాళ పావురాల పందెం!

సింగరాయకొండలో ఆరున్నరకు వదిలేశారని ట్రంకు కాల్ కూడా వచ్చేసింది. ఆరుగురి పావురాలు. నూట ఇరవై కిలోమీటర్ల పైమాటే. ఎవరి పావురం ముందుగా సత్తెనపల్లి చేరి సొంత గూట్లో అడుగుపెడితే వాళ్లదే కప్పు. గూటి మీద వాలితే కుదరదు, లోపలికి వెళ్లాల్సిందే.

పోయినేడు హయాత్ పావురమే ముందొచ్చింది. వచ్చి ఏం లాభం? పెళ్లివాళ్లెవరో టపాకాయలు కాలిస్తే బెదిరిపోయి కరెంటు స్తంభం ఎక్కి కూర్చుంది. ఇరవై నిమిషాలు! హయాత్ కింద నిలబడి బతిమాలాడు, తిట్టాడు, చివరికి ఏడ్చాడు కూడా. కప్పు ఇంకొకరు పట్టుకుపోయారు.

అందుకే ఇవాళ చీమ చిటుక్కుమన్నా ఊరుకునేలా లేడు.

పక్కనే వాచీ పట్టుకుని కూర్చున్న క్రీస్తుదాసు నవ్వాడు. అతనూ పావురాలు పెంచేవాడే. ఒకరి మేడ మీద ఇంకొకరు కూర్చుని టైము చూడటం ఈ పందెం కట్టుబాటు.

"ఈ సీజన్లో మా గూట్లోవి తొమ్మిదింటిని డేగ ఎత్తుకుపోయింది హయాత్‌గారూ. మీవి ఒక్కటీ పోలేదంట! ఏం మంత్రం వేశారండీ?"

"మంత్రం లేదు, మన్నూ లేదు. ట్రైనింగండీ, ట్రైనింగ్!" హయాత్ కాలరెగరేశాడు. "ముందు ఐదు కిలోమీటర్లు, తర్వాత పది, ఆ తర్వాత మార్టూరు. తీసుకెళ్లి వదిలిన ప్రతిసారీ అన్నీ తిరిగొచ్చినయ్. డేగనే దారి తప్పించే రకం నా పావురాలు!"

వాచీలు రిపేరు చేసుకునే మనిషి. వాచీల్లో చక్రాలు, ఆకాశంలో రెక్కలు. ఈ రెండూ తప్ప లోకంలో మూడోది అతనికి కనపడదు.

టంగ్! టంగ్!

హయాత్ పిట్టగోడ మీద నుంచి వంగాడు.

"నీకే చెప్పేది! నా పావురం సుర్మా వచ్చే టైమైంది. అది బెదిరిందంటే నా కొంప మునుగుద్ది!"

"ఆపితే ఎట్టయ్యా? ఈ యాళప్పుడేగా..."

"పిట్టలు నాలుగు కాయలు తిన్నంత మాత్రాన మీ రైతు మునిగిపోడులే! ఆయనతో నేను చెప్పుకుంటా. ముందు అది కింద పడెయ్!"

ఆదెమ్మ విచిత్రంగా చూసింది. ఏదో చెప్పబోయింది.

"ఇంకొక్క మాట మాట్లాడావంటే కిందికొచ్చి నేనే లాక్కుంటా!"

"సరే అయ్యా. మీ ఇష్టం."

డబ్బా కింద పెట్టింది. కోతలు అయిపోయాయి. ఊరికి వెళ్లే కూలీల కోసం రోడ్డు మీద లారీ హారన్ కొడుతోంది. ఆదెమ్మ మూట చంకన పెట్టుకుని, పైకి చూసుకుంటూనే వెళ్లింది.

హమ్మయ్య అనుకున్నాడు హయాత్.

ఎనిమిది నలభై.

"అదుగో! అదుగో చుక్క!"

క్రీస్తుదాసు ఎగిరి లేచాడు. "ఏదండీ? ఎక్కడండీ?"

"జిన్నింగు మిల్లు గొట్టం పైన! సుర్మానే! అబ్బబ్బ, ఆ ఊపు చూడండి! ఇంకెవరిదన్నా కనపడుతోందా?"

"లేదండీ! కనుచూపు మేరలో ఒక్కటీ లేదు! మీదే ఫస్టు!"

హయాత్‌కు కాళ్లు నేల మీద నిలవటం లేదు. గూటి ముందు జొన్నలు చల్లాడు. గొంతెత్తి పిలిచాడు.

"ఆవ్... ఆవ్... ఆవ్!"

సుర్మా విన్నది. రెక్కలు ముడిచి దిగుతోంది. నూరు గజాలు. యాభై.

అప్పుడే రోడ్డు మీంచి ఒక గావుకేక. కదిలిన లారీలో ఆదెమ్మ లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి ఊపుతోంది.

"హేయ్! హేయ్! హేయ్!"

"ఏం మనిషండీ! పోతూ పోతూ కూడానా!" హయాత్ పళ్లు కొరికాడు.

లారీ మలుపు తిరిగింది. కేక వినపడటం మానేసింది.

వెనక తాటిచెట్టు మీంచి డేగ లేచింది.

హయాత్ నోరు తెరిచేలోగా అంతా అయిపోయింది. గూటికి పది బారల దూరంలో సుర్మాను గాల్లోనే తన్నుకుపోయింది. నాలుగు ఈకలు కింద మిరపకాయల మీద రాలాయి.

హయాత్ మెట్లు దిగాడో దూకాడో అతనికే తెలియదు. కళ్లంలో ఆ ఈకలు ఏరుకుని బావురుమన్నాడు. గోతాల దగ్గరున్న రైతు వెంకటనారాయణ పరుగున వచ్చాడు.

"మూడు నెలల్లో ఒక్కసారి రాలేదండీ డేగ! ఇవాళే రావాలా?"

"రాకపోవటమేంది హయాత్? రోజూ పొద్దున్నే ఆ తాటిచెట్టు మీదికి వచ్చేదిగా! నువ్వు దక్షిణం వైపే చూస్తా కూర్చుంటే నీకేం కనపడుద్ది?" ఆయన చుట్టూ చూశాడు. "అవునూ, ఇందాక డబ్బా మధ్యలోనే ఆగిపోయిందేంది?"

"నేనే ఆపించా," హయాత్ కళ్లు తుడుచుకున్నాడు. "పిట్టల కాపలా ఒక్క గంట లేకపోతే మీ కాయలకేం కాదులే అని..."

వెంకటనారాయణ నోరెళ్లబెట్టాడు.

"పిట్టల కాపలానా? ఎండు మిరపకాయను ఏ పిట్ట ముట్టుద్దయ్యా! నేనామెకిచ్చింది తాలుకాయలు ఏరే పని. నేనెన్ని కేకలేసినా వినకుండా, డేగ కనపడ్డప్పుడల్లా లేచి ఆ డబ్బా కొట్టింది నీ పావురాల కోసమేనయ్యా!"