సిద్దప్ప అడిగే మాట

"నీకు ఈత వస్తదా?" అని అడిగాడు సిద్దప్ప.

పడవ కొనడానికి బీదర్ వైపు నుంచి వచ్చిన రామ్‌కిషన్ నవ్వాడు. "గదేం మాట? నిండు మంజీరను ఇటు నుంచి అటు ఈదినోన్ని నేను."

"అయితే నీకు ఇయ్య."

రామ్‌కిషన్ మొదట వేళాకోళమనుకున్నాడు. తర్వాత రేటు పెంచాడు. ఆఖరికి తిట్టుకుంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఎండాకాలం మొదలయ్యాక ఇలా వెనక్కి పోయిన బేరాల్లో ఇది నాలుగోది. అందరూ బయటి ఊళ్లవాళ్లే. న్యాల్‌కల్ అవతల, మంజీర ఒడ్డునున్న ఆ ఊళ్లో సిద్దప్ప ఇరవై ఏళ్లు పడవ నడిపి జనాన్ని ఏరు దాటించాడు. మూడేళ్లుగా పడవ ఒడ్డు మీదే బోర్లా పడి ఉంది. సిద్దప్ప అల్లం చేన్లలో కూలికి పోతున్నాడు. ఏటి వైపు చూడడు. మధ్యాహ్నం చెట్టు కింద కాసేపు కునుకు తీసినా చేతులు రెండూ గాలిలో కొట్టుకుంటాయి.

"నిద్రల గుడ తెడ్డు ఇడుస్తలేవు" అనేది భార్య హనుమమ్మ.

పడవ మీద మమకారం చావక బేరాలు చెడగొడుతున్నాడనుకుంది ఆమె. ఇంకో ఎండాకాలం గడిస్తే చెక్కలు పగిలి పొయ్యిలోకి తప్ప పనికిరాదు. ఇప్పుడే అమ్మితే ఒక పాడిబర్రె వస్తుంది. ఒకరోజు ఆయనకు చెప్పకుండా జహీరాబాద్ బస్సెక్కింది.

బొంబాయి రోడ్డు మీద ఫరీద్ సేఠ్ అడ్డా. పాత ట్రాక్టర్లు, ఆయిల్ ఇంజన్లు ఎవరివి వాళ్లు తెచ్చి అక్కడ పెడతారు. అమ్ముడుపోతే నూటికి పది ఆయనకు.

"ఇంటికాడ అమ్ముకుంటే గిట్లనే అయితదమ్మా" అన్నాడు ఫరీద్. "సొంత సామానంటే మనసు గుంజుతది. నాకేం గుంజుతది? కొనేటోడు ఎసుంటోడో నేనడుగ. పైసలిచ్చిండా, తీస్కపోయిండా, గంతే. నువ్వు ఫికర్ చెయ్యకు."

"ఆయన మాట మాత్రం ఇనకు సేఠ్" అంది హనుమమ్మ.

పడవ లారీ మీద జహీరాబాద్ చేరింది. ఫరీద్ దానికి నీలం రంగు వేయించి, రెండు ట్రాక్టర్ల నడుమ డ్రమ్ముల మీద నిలబెట్టాడు. నీళ్లు లేని చోట పడవేంటని బస్సుల్లోంచి జనం తలలు బయటపెట్టి చూసేవారు.

సంగతి తెలిసి సిద్దప్ప ప్రతి రోజూ కూలి ఎగ్గొట్టి అడ్డాకు వచ్చేవాడు. పడవకు వీపు తిప్పి పాత టైరు మీద కూర్చునేవాడు. ఎవరైనా పడవ అంచు మీద చెయ్యి వేసిన చప్పుడైతే మాత్రం ఉలిక్కిపడి లేచేవాడు.

"అంచు పట్టుకోకున్రి" అనేవాడు. రంగు ఆరలేదనుకుని వాళ్లు చెయ్యి తీసేవారు.

మూడో వారం జగన్‌మోహన్ అనే చేపల కాంట్రాక్టరు జీపులో వచ్చాడు. ఫరీద్ చెప్పిన ధరకు మారుమాట లేకుండా ఒప్పుకుని బయానా ఇచ్చాడు. అప్పుడు సిద్దప్ప లేచి వచ్చాడు.

"సారూ, మీకు ఈత వస్తదా?"

"కాలేజీల కప్పు గెలిచిన" అన్నాడు జగన్‌మోహన్.

సిద్దప్ప పడవకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇయ్య."

"ఇది నా అడ్డా. బేరం నాది" అని అరిచాడు ఫరీద్.

"పడవ నాది సేఠ్."

జీపు పోయింది. చేతిలోకి వచ్చిన బయానా తిరిగిచ్చిన ఫరీద్ ముఖం మాడిపోయింది. "రేపు పొద్దుగాల లారీ తెప్పిస్త. నీ పడవ నువ్వు తీస్కపో. నీ అసుంటి పాగల్‌తోని నాకొద్దు."

మర్నాడు లారీ వచ్చి నిలబడింది. పడవ ఎక్కించబోతుండగా జహూర్ వచ్చాడు. బక్కపలచని దర్జీ. వాగు అవతల వాళ్ల చిన్న ఊరు. వానలు పడితే నాలుగు నెలలు పిల్లలకు బడి దారి బంద్. ఊరంతా చందా వేసుకున్న డబ్బు రుమాల్లో మూటగట్టి తెచ్చాడు. ఫరీద్ అడిగిన ధరలో అది సగం కూడా లేదు.

"నీకు ఈత వస్తదా?" అన్నాడు సిద్దప్ప.

జహూర్ సిగ్గుపడ్డాడు. "రాదు చాచా. నవ్వకున్రి. మోకాళ్ల దాంక నీళ్లొస్తేనే నాకు కాళ్లు వణుకుతయి."

"మరి పడవ ఎవరు నడుపుతరు?"

"నేనే. ఊర్ల ఇంకెవ్వరు ముందుకొస్తలేరు. నా పిల్లలు గుడ బడికి పోవాలె గదా."

"ఎందరిని ఎక్కిస్తవు?"

"ఆరుగురిని. ఇంకొక్కరు ఎక్కితే నేనే దిగిపోత."

సిద్దప్ప ఇన్ని రోజుల్లో మొదటిసారి పడవ వైపు తిరిగి చూశాడు. రుమాలు విప్పి డబ్బు లెక్కపెట్టనైనా లేదు.

"తీస్కపో" అన్నాడు.

జహూర్ ముందు సీట్లో ఎక్కాడు. లారీ పడవతో రోడ్డు మలుపు తిరిగేదాకా సిద్దప్ప అక్కడే నిలబడ్డాడు. ఫరీద్ ఉండబట్టలేక దగ్గరికి వచ్చాడు.

"నీకు అక్కల్ ఉన్నదా సిద్దప్పా? ఈతొచ్చినోళ్లను ఎళ్లగొట్టి, నీళ్లంటే భయపడేటోనికి పడవ ఇస్తవా? నడి వాగుల తిరగబడితే వాడు గుడ పోతడు!"

"అవు సేఠ్" అన్నాడు సిద్దప్ప. "వాడు గుడ పోతడు."

మూడేళ్ల కింద నడి ఏట్లో ఆ పడవ తిరగబడినప్పుడు, అందులో ఉన్న పన్నెండు మందిలో ఈత వచ్చింది సిద్దప్ప ఒక్కడికే, ఒడ్డుకు చేరిందీ సిద్దప్ప ఒక్కడే.