మాస్టారి కొత్త పలక

"ఇది పోలీస్ స్టేషన్ మాస్టారూ, ఆటబొమ్మలు ఇంట్లో పెట్టి రావాలి" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మాస్టారంటే ఆ స్టేషన్‌లో దొంగల బొమ్మలు గీసే ఆయన. సాక్షులు చెప్పే ఆనవాళ్లు విని, వాళ్లు చూసిన మొహాన్ని చూసినట్టు దించడం ఆయన ఉద్యోగం. ఆటబొమ్మంటే నిన్న ఆయన సొంతంగా కొనుక్కున్న యంత్రం. తెరిస్తే ల్యాప్‌టాప్, వెనక్కి మడిచి నిలబెడితే చిన్న డేరా, మీట నొక్కి పైభాగం లాగేస్తే ఉత్త పలక. ఇది ఆటబొమ్మ కాదని నిరూపించడానికి మాస్టారు దాన్ని మూడు రకాలుగానూ మార్చి చూపించాడు. ఇన్‌స్పెక్టర్ మొహం మాత్రం ఒక్క రకంగానే ఉంది.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బస్టాపులో సంచి పోగొట్టుకున్న ఒకాయన బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన చెప్పే దొంగని మాస్టారు ఈ కొత్త పలక మీద గీయొచ్చు.

"దీంతో దొంగ దొరికాడా, సరే. దొరకలేదో, రేపట్నుంచి ఇది ఈ గుమ్మం దాటి లోపలికి రాకూడదు" అని చెప్పి ఇన్‌స్పెక్టర్ మీటింగుకి వెళ్లిపోయాడు.

మాస్టారికి కాళ్లు నేల మీద ఆనలేదు. నిన్నటి నుంచీ ఆయన పరిస్థితి ఇదే. భోజనాల బల్ల మీద కంచం పక్కనే దాన్ని నిలబెట్టుకుంటే, ముందు దానికి వడ్డించమంటారా అని భార్య వెటకారంగా అడిగిందట. ఈయన తెర మీంచి చూపు తిప్పకుండా, సరే అన్నాడట.

సంచి పోయినాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దొంగది కోల మొహం అన్నాడు. మాస్టారు పెన్ను ఇలా తిప్పాడో లేదో కోల మొహం తయారైంది. అంతలోనే, కోల కాదు, గుండ్రమనుకుంటాను అన్నాడాయన. ఇదివరకైతే ఇలాంటి సాక్షులని చూస్తే మాస్టారికి ఒళ్లు మండేది. రబ్బరుతో రుద్ది రుద్ది కాగితం చిరిగేది. ఇప్పుడు రెండు వేళ్లతో ఇలా తడితే గీత అలా మాయమవుతోంది.

"మొహమాటపడకండి. ఎన్నిసార్లయినా మార్చండి" అన్నాడు మాస్టారు, తెరని ముద్దుగా నిమురుతూ.

సంచి పోయినాయన మొహమాటపడలేదు. ముక్కుని సాగదీయించి, మళ్లీ పొట్టి చేయించాడు. కనుబొమలు కలిపించి, విడదీయించాడు. జుట్టు మూడుసార్లు దువ్వించాడు. మార్చిన కొద్దీ మాస్టారికి హుషారు పెరిగింది.

ఆ హుషారు గదంతా పాకింది. ఫిర్యాదులు రాసే రైటర్ రాస్తున్నది సగంలో వదిలేసి వచ్చాడు. ఇద్దరు కానిస్టేబుళ్లూ వచ్చారు. ముగ్గురూ మాస్టారి కుర్చీ వెనక చేరి, ఆయన భుజాల మీదుగా తెరలోకి వంగిపోయారు. పెన్ను అదిమితే గీత లావవుతుందని తెలిసి, ఏదీ మళ్లీ అదమండని రైటర్ నాలుగుసార్లు అడిగాడు. ఒక కానిస్టేబుల్ దొంగకి కళ్లజోడు పెట్టి చూద్దామన్నాడు. పెట్టారు. దొంగ మేధావిలా బ్రహ్మాండంగా ఉన్నాడు. అసలు దొంగకి కళ్లజోడు లేదని సంచి పోయినాయన అనేసరికి అందరూ కొంచెం నొచ్చుకున్నారు.

రెండు గంటలకి బొమ్మ పూర్తయింది. అంత బాగా మాస్టారు ఎప్పుడూ గీయలేదు. బుగ్గ మీద గంటు ఇప్పుడే పడ్డట్టుంది.

"వీడేనా?" అన్నాడు గర్వంగా.

"వాడిలాగే ఉన్నాడండీ. ఇక్కడ లైటు పడి మెరుస్తోంది. వరండాలో, వెలుతురులో ఒకసారి చూసి చెప్తాను."

మాస్టారికి కావలసిందీ అదే. మీట నొక్కాడు. పైభాగం టక్కుమని ఊడి చేతిలోకి వచ్చింది. వెనక ముగ్గురూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు. పలకని బల్ల అవతలికి అందిస్తూనే మాస్టారు వాళ్ల వైపు తిరిగి, ఇదేం చూశారు, ఇది చూడండంటూ మిగిలిన కీబోర్డు కింద రంగుదీపాలు వెలిగించాడు. నాలుగు తలలూ కీబోర్డు మీదికి వంగాయి.

దీపాలు ఏడు రంగులూ మారి ఆగేసరికి వరండాలో ఎవరూ లేరు. గేటు దగ్గరా లేరు. వీధి చివరిదాకా పరిగెత్తిన కానిస్టేబుల్ చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. ఫిర్యాదులో ఇచ్చిన నంబరుకి ఫోన్ చేస్తే ఎవరో ఇస్త్రీ దుకాణం వాళ్లు ఎత్తారు. మాస్టారు కీబోర్డుని ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ. కొని ఒక్క రోజన్నా పూర్తిగా కాలేదు.

మీటింగు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్ జరిగిందంతా విన్నాడు. అందరూ తిట్లకి సిద్ధపడి తలలు వంచుకున్నారు. ఆయన మాత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"మాస్టారూ, ఇంత తేలికైన కేసు నా సర్వీసులో రాలేదు. దొంగ తన కాళ్లతో తనే నడిచొచ్చి, మీలాంటి చెయ్యి తిరిగిన మనిషి ఎదురుగా రెండు గంటలు కూర్చున్నాడు. గీయండి వాడి బొమ్మ. సాయంత్రంలోగా మీ పలక మీ చేతిలో పెడతాను. రేపట్నుంచి రోజూ తెచ్చుకోండి, నేనేమీ అనను."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. రైటర్ పరిగెత్తుకెళ్లి తెల్లకాగితం తెచ్చాడు. ఇన్‌స్పెక్టర్ తన జేబులోని పెన్సిలే తీసిచ్చాడు. మాస్టారు కాగితం సరిచేసుకుని, పెన్సిల్ మొన ఆనించి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత మెల్లగా కానిస్టేబుల్ వైపు వంగి అడిగాడు.

"వాడికి మీసం ఉందా?"