కత్తి ముట్టని గడ్డం

నరసింహ మళ్ళీ అద్దం ముందు నిలబడ్డాడు.

అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసుకుని గడ్డానికి పట్టించాడు. దువ్వాడు. అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చూసుకున్నాడు. తనలో తనే నవ్వుకున్నాడు.

పెనం మీద జొన్నరొట్టె మాడుతున్నా స్వర్ణ కదల్లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఈ మనిషి అద్దం ముందు ఇంతసేపు నిలబడింది లేదు.

"ఎవలకు సూపిచ్చెటందుకు గంత సోకు?" అంది.

"లారీ డ్రైవర్లకు," అన్నాడు. కట్టంగూరు దగ్గర హైవే మీద అతనిది పంచర్ల దుకాణం.

"డ్రైవర్ల గొంతు ఫోన్ల ఆడగొంతు లెక్క ఉంటదా?"

నరసింహ దువ్వెన కింద పెట్టాడు. "రొట్టె మాడుతాంది సూడు," అని బయటపడ్డాడు.

గడ్డం పెంచడం మొదలై చాలా రోజులైంది. మొదట బద్ధకం అనుకుంది స్వర్ణ. తరువాత సోకు అనుకుంది. ఊళ్ళో కుర్రాళ్ళంతా గడ్డాలకు అంచులు గీయించుకుని తిరుగుతున్నారు, ఇతనికీ ఆ పిచ్చి పట్టిందేమో అనుకుంది. కానీ ఈమధ్య ఫోన్ మోగగానే బోరింగు దాకా నడిచి వెళ్ళి మాట్లాడుతున్నాడు. "సరే మేడమ్, వస్త మేడమ్" అంటున్నాడు. నెలకోసారి మంచి చొక్కా వేసుకుని బస్సెక్కుతున్నాడు. ఎక్కడికంటే చెప్పడు.

ఆ మేడమ్ ఎవరో, ఎట్లా ఉంటుందో! గడ్డం ఆమెకు ఇష్టమేమో!

చిన్న కొడుకు దగ్గర ఉండే అత్త గుర్వమ్మ ఆ వారం చూడ్డానికి వచ్చింది. గడపలోనే ఆగిపోయింది.

"ఏందిరా గీ అవతారం? చెరువుగట్టు దేవునికి మొక్కుకున్నవా?"

దేవుడి మాట వచ్చేసరికి నరసింహ చెంపలేసుకున్నాడు. "మొక్కు గాదమ్మా. లేని మొక్కు ఉన్నదని చెప్పొద్దు."

"మరి దేనికిరా? పెండ్లం కడుపుతోని ఉంటె ఉంచుతరు గడ్డం. నువ్వు కడుపుల వడ్డంక, భూమ్మీద వడేదాక మీ నాయిన కత్తి ముట్టలె. నీకేం పుట్టింది?"

అంటూనే నాలుక కరుచుకుంది గుర్వమ్మ. కోడలి వైపు చూడలేకపోయింది.

స్వర్ణ చేతిలో నీళ్ళ చెంబు అక్కడే ఆగింది. దవాఖానాలు, మొక్కులు, ఇద్దరూ సంతకాలు పెట్టి వచ్చిన నల్లగొండ ఆఫీసులు, అన్నీ తిరిగి అలిసిపోయిన ఇల్లది. "పిల్లల ముచ్చట ఇంక నా ముంగట ఎత్తితె నా మీద ఒట్టే" అని రెండేళ్ళ కిందట ఆమే అంది. ఆ ఒట్టును నరసింహ ఒక్కసారి కూడా తప్పలేదు.

తల్లి ప్రశ్నకు గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. ఆ నవ్వే ఆమెను కాల్చింది.

మూడు రోజులు ఓర్చుకుంది. దేవుడి పటం ముందు దీపం పెడుతున్నా కళ్ళ ముందు ఆ గడ్డమే. నాలుగో రోజు పొద్దున్నే, దుకాణం పక్కనే ఉన్న జానీ సెలూన్‌కి వెళ్ళింది.

"జానీ, మీ అన్న గడ్డం నువ్వే సాపు జేస్తున్నవా?"

"యాడిది వదినా! కత్తి గాదు, కత్తెర గూడ ముట్టనిస్తలేడు. జర అంచులన్న గీస్తనే అంటె దండం పెట్టి లేచిపోయిండు. ఇయ్యాల పొద్దుగాల తనే వచ్చిండు. 'బుధారం మొత్తం తీసెయ్ జానీ, పని అయిపోయింది' అన్నడు. మస్తు ఖుషీల ఉన్నడు. నాకు చాయ్ గూడ తాపిండు!"

స్వర్ణ నడుస్తూనే వేళ్ళ మీద లెక్కపెట్టింది. నున్నటి చెంపలతో అతణ్ణి చివరిసారి చూసింది బతుకమ్మ పండుగకి. ఇప్పుడు ఆషాఢం.

తొమ్మిది నెలలు. పని అయిపోయింది. అంటే, పుట్టింది.

ఇంటికొచ్చి, నిన్న అతను బస్సెక్కినప్పుడు వేసుకున్న చొక్కా జేబులో చేయి పెట్టింది. నాలుగు మడతల కాగితం. దాని మధ్యలో ఒక ఫొటో. పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతున్న పసిబిడ్డ. కాగితం విప్పబుద్ధి కాలేదు. ఫొటో చాలు. బిడ్డ ముద్దుగా ఉంది. అందుకే ఇంకా మండింది.

మధ్యాహ్నం నరసింహ అన్నానికి వచ్చేసరికి ఆమె కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"బుధారం దాక ఎందుకు? కూసో, ఇప్పుడే కోస్త."

అతను కత్తెర చూశాడు. ఆమె రెండో చేతిలో ఫొటో, కాగితం చూశాడు.

"బుధారమే చెప్దామనుకున్న," అన్నాడు మెల్లగా. "నీ ఒట్టు ఉండె గదా."

"నా ఒట్టు గిట్ల పనికొచ్చిందా నీకు! ఆడివిల్లనా, మొగపిల్లగాడా?"

"ఆడివిల్ల."

"నీ పోలిక ఒక్కటి లేదు. అంతా దాని పోలికే గావచ్చు." ఫొటోను అతని ముఖం ముందు పెట్టింది. "ఎవతి అది? గీ పిల్ల తల్లి ఎవతో ఇప్పుడే చెప్పు."

నరసింహ కత్తెరను ఆమె చేతిలోంచి తీసి గూట్లో పెట్టాడు. నాలుగు మడతలూ విప్పి, నూనె జిడ్డు అంటిన వేలితో ఒక గీత మీద చూపించాడు.

దత్తత మంజూరైందని నల్లగొండ ఆఫీసు మేడమ్ రాసిచ్చిన ఆ కాగితంలో, 'తల్లి' అన్న చోట ఉన్న పేరు స్వర్ణ.