నీళ్ళలోనూ ఉన్న గీతలు

చీకటి పడ్డాక స్కానింగు గదిలో చెల్లెలొక్కతే మిగిలింది. ఈ పని ఇంకొకరికి అప్పగించడానికి మనసొప్పలేదు.

తెర మీద, నెలలుగా స్పృహ లేని అన్న మెదడు. అందులో ఒకచోటిని మరోచోటితో కలిపే గీతలు, మెదడింకా పనిచేస్తోందనడానికి గుర్తులు. కానీ అదే యంత్రంలో, పోల్చి చూడ్డానికి, మూతబిగించిన నీళ్ళసీసా పెట్టినప్పుడు కూడా కనిపించే గీత ఉత్త అబద్ధం, యంత్రం రొద పుట్టించినది. దాన్ని చెరిపేయాలి.

నీళ్ళకు ఇన్ని గీతలు మునుపెన్నడూ రాలేదు. అయినా పద్ధతి పద్ధతే.

"ఒక్కటైనా మిగిలిందామ్మా?" ఫోన్లో పెద్ద డాక్టరు అడిగారు. "లేదంటే పొద్దున్నే ఊపిరి గొట్టాలు తీసేద్దాం."

ఆఖరి గీత కూడా నీళ్ళలో ఉంది. కళ్ళు తుడుచుకుని చెరిపేసింది.

"ఏమీ మిగల్లేదు సార్."

ఫోన్ పెట్టేసి, యంత్రం ఆపింది. అద్దానికి అవతల, యంత్రం గదిలో, సీసా తప్ప ఎవరూ లేరు. ఆ గదిలోని చప్పుళ్ళు వినిపించే బల్ల మీది స్పీకర్లో బుడగ చిట్లిన చప్పుడైంది. వెంటనే అన్న గొంతు.

"అన్నీ చెరిపేశావా, చెల్లాయ్?"