కమలాకర్ గారి ఓపిక

కుడికాలి బూటు గాల్లోకి లేచి, ప్రమోద మేడం టేబుల్ మీది పూలకుండీలో పడింది.

"గీ బూట్లు నాకొద్దు!" అన్నాడు నాని. వయసు మూడున్నర.

పంజాగుట్టలోని ఆ ప్లేస్కూల్లో సీటు కావాలంటే పరీక్ష పిల్లలకు కాదు, తండ్రికి. అరగంటలో పిల్లవాడికి బూట్లు తొడగాలి, చేతులు కడిగించాలి, ఇడ్లీ తినిపించాలి. అరవకూడదు. కళ్లెర్ర చేయకూడదు. మేడం ఓ మూల కూర్చుని మార్కులు వేసుకుంటుంది.

నానికి ఇప్పటికే మూడు బళ్లలో సీటు రాలేదు. మూడుచోట్లా రాసింది ఒకటే: తండ్రికి ఓపిక లేదు. ఇదీ పోతే ఈ ఏడాదికి చదువు లేనట్టే.

నానిని తీసుకొచ్చినతను వాడి ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"ఏంటి నాన్నా, బూట్లంటే చిరాగ్గా ఉందా?"

"నువ్వే నాకొద్దు! పో!"

"నేనే వద్దా? అనిపిస్తుందిలే. నేను నువ్వైతే నాకూ అలాగే ఉండేది."

మేడం పెన్ను ఆగిపోయింది. పదిహేనేళ్ల సర్వీసులో ఇలాంటి తండ్రిని చూడలేదావిడ.

"కమలాకర్ గారూ!"

రెండుసార్లు పిలిచినా అతను తలెత్తలేదు. పిల్లవాడిలో ఎంతగా లీనమైపోయాడో అనుకుని మురిసిపోయింది. మూడోసారికి ఉలిక్కిపడి, "ఆఁ, నేనే, చెప్పండి!" అన్నాడు.

"మీ మాట కోస్తా వైపు మాటలా ఉంది. బాబు మాత్రం..."

"వాళ్లమ్మది సిరిసిల్లండి."

ఈలోగా నాని చట్నీ గిన్నె ఎత్తి అతని తెల్లచొక్కా మీద బోర్లించాడు. మేడం ఊపిరి బిగబట్టింది.

"అబ్బ, చల్లగా భలే ఉంది!" అన్నాడతను.

నాని బిత్తరపోయాడు. చట్నీ పోస్తే ఇలాంటి జవాబు వస్తుందని వాడికి ఇంతవరకూ తెలియదు. ఇంకేం చేయాలో తోచక బూట్లు తొడిగించుకున్నాడు, చేతులు కడిగించుకున్నాడు, మూడు ఇడ్లీలూ తినేశాడు.

ప్రమోద మేడం కొంగుతో కళ్లొత్తుకుంది. "సీటు మీదే. ఇంట్లోనూ ఇంతే ఓపికా అండీ?"

"ఇంట్లో పిల్లల మీద ఒక్కసారి కూడా అరవలేదండి. ఒట్టు!"

మెట్లు దిగీ దిగగానే నాని "డాడీ!" అంటూ మెట్రో స్తంభం పక్కన బైకు మీదున్న మనిషి దగ్గరికి ఉరికితే, ఆయన వాణ్ణి ఎత్తుకుని, చట్నీ చొక్కాతో వెనకే దిగినతనితో, "భార్గవ్ అన్నా, అమీర్‌పేటల సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు వేరేటోళ్ల బదులు కూసుంటవని విన్న గని, నా బదులు నాయిన లెక్క సుత గింత మంచిగ పాసైతవనుకోలే!" అన్నాడు.