గంప కింది పిండి

మంచుకొండల్లో చైనా యుద్ధానికి పోయిన వేదవ్యాస చనిపోయాడని మరుసటి ఎండాకాలంలో తంతి వచ్చింది. శవం రాలేదు. పదో రోజు రాత్రి, ప్రొద్దుటూరు ఇంట్లో, పురోహితుడైన మేనమామ పద్మనాభయ్య నేల మీద బియ్యప్పిండి పరిచి గంప బోర్లించాడు. పోయినవాడు తెల్లారేలోగా పిండిలో ఏదో ఒక గుర్తు పెట్టి పోతాడని ఆచారం.

"గుర్తు పడకుంటే నా కొడుకు బతికుండేట్లే కదన్నా?" అంది చెల్లెలు రాజేశ్వరమ్మ.

"ముందు పండుకో తల్లీ."

ఉక్కకు ఇద్దరికీ నిద్ర పట్టలేదు. చీకటుండగానే దీపం పట్టుకుని గంప ఎత్తారు. పిండి మీద చీమ నడిచిన జాడ కూడా లేదు.

"చూస్తివా? నీ మంత్రాల కంటే నా మాటే గట్టిది. వాడు యాడో ఉండాడు."

నవ్వుతూనే పద్మనాభయ్య పిండిలో చెయ్యి పెట్టాడు. అది మంచుగడ్డలా బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు కొంకర్లు పోయాయి.

"ఏందన్నా, అట్ల వణుకుతాండావు?"

ఆయన గంప మళ్ళీ బోర్లించాడు.

"ఏం లేదమ్మా. ఇంకా తెల్లారలే."