పొలిమేర కట్టు

"ఏ ఊరవ్వా నీది?"

బొడ్రాయి కోసం తవ్విన గుంత పక్కన కూసున్న ముసలామెను పర్శరాములు అడిగిండు.

"ఇప్పుడైతే తొగుట, బేటా."

"ఈడ చుట్టాలెవలన్న ఉన్నరా?"

ముసలామె పల్లెనంతా ఓసారి కలెజూసి నవ్వింది. "అందరు చుట్టాలే అనుకున్న."

పర్శరాములుకు నవ్వే తీరిక లేదు.

కరువుకు వలసొచ్చినోళ్లు వాగు ఒడ్డున తుమ్మలు నరికి, గుడిసెలేసి నిలబెట్టిన పల్లె అది. తిండికి లోటు లేదు. కాని ఊరి నడుమ, ఊరిని ఊరనిపిచ్చే బొడ్రాయే లేదు. "మీది ఊరా, గుడిసెల గుంపా?" అని చుట్టుపక్కలోళ్లు ఎక్కిరిస్తనే ఉన్నరు.

పోయినేడు రాయి నిలబెడితే, ఆ వానకాలమే వాగు ఇండ్లల్లకొచ్చి రాయిని కొట్టుకపోయింది. పొలిమేర కట్టినప్పుడు బయటి మనిషెవడో లోపలున్నడట, తప్పు కట్టుదే అన్నరు పెద్దలు.

అందుకే తొంభై ఒకటి ఎండాకాలంల మళ్ల పండుగ పెట్టుకొని, కట్టు పని పర్శరాములు మీద పెట్టిన్రు. ఈసారి తప్పిందంటే ఊర్ల తలెత్తుకునేదిలేదు.

"ఇగ ఊరి చుట్టు పొలి బువ్వ చల్లి పొలిమేర కడుతరవ్వా. చల్లినంక బయటోళ్లు లోపల ఉండొద్దు, లోపలోళ్లు బయటికి పోవద్దు. లెవ్వు."

"సిద్ధయ్య లేడా?"

"రాయి నిలబెట్టేది తాతనే, ఒక్కపొద్దున్నడు. పొలి చల్లేదాక నోరు తెరువడు."

ఆమె ఒడిల రాగిచెంబు కనబడ్డది.

"ఆ చెంబేంది? యాటలు కొయ్యకముందే కూరకు దిగినవా?"

చుట్టున్న పోరగాండ్లు గొల్లుమన్నరు. ముసలామె కూడ నవ్వింది.

"నీళ్లు బేటా. వాగుల చెలిమె తోడి తెచ్చిన. రాయికి."

"బయటోళ్ల నీళ్లు రాయికెట్ల పోస్తమవ్వా?"

ఆమె నవ్వు ఆగింది. చెంబును గుంత పక్కన పెట్టి, మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది.

"నిజమే. కట్టు తప్పొద్దు. ఊరు సల్లగుండాలె."

పర్శరాములు ఆమెను వాగు అవతలికి దాటించి ఉరుక్కుంట వచ్చిండు. కాళ్లనిండ ఇసుక. గుంత పక్కన ఎదురుంగ ఉన్న చెంబెత్తి కాళ్లు కడుక్కున్నడు.

పొలి చల్లిన్రు. డప్పు మోగింది. కట్టు పడ్డది.

సిద్ధయ్య తాత తడిబట్టలతోని వచ్చి గుంతకాడ నిలబడ్డడు. గుంపంత దేవులాడి, పొద్దటిసంది మూసిన నోరు తెరిచిండు.

"హుస్సేన్ బీ ఏదిరా?"

"ఎవలు తాతా?"

"రాయి మీద తొలిచెంబు పొయ్యాలె గదా. నేనే కబురు పెట్టిన. వస్తనన్నదాయె."

పర్శరాములు గుంత పక్కకు చూసిండు. రాగిచెంబు ఖాళీగుంది.

"బయటి మనిషని..." అన్నడు.

వాగు దిక్కు ఉరికిండు. అవతలి ఒడ్డున, ఎండల, కొంగు నెత్తిమీద కప్పుకొని ఆమె అట్లనే కూసోనుంది. ఊరినే చూస్తుంది.

"అవ్వా!"

పొలి గీత దాటబోయిన పర్శరాములును చూసి ఆమె దిగ్గున లేచింది. దాటొద్దని రెండు చేతులు ఊపింది.

వెనుకనే వచ్చిన సిద్ధయ్య తాత గొంతు మెల్లగ వినబడ్డది.

"కరువుకు మన బండ్లు వచ్చి ఈడ ఆగిన నాడు, ఈ ఒడ్డున ఉన్నది ఆమె ఇల్లొక్కటేరా... బయటినుంచొచ్చి జాగ అడిగింది మనం."